గుండె లయ జబ్బుకి ఒక్క ఇంజెక్షన్ వచ్చేసిందట, నిజమేనా? (లాంగ్ క్యూటీ)

గోదారిగట్టు | జూన్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు. పదకొండో ఏట స్కూలు వాళ్లు ఈత నేర్పిస్తామని తీసుకెళ్తే, నీళ్లలో దూకిన కాసేపటికే మునిగిపోయింది. కోచ్ పక్కనే ఉండబట్టి బతికింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంది కాబట్టి ఫిట్స్ అన్నారు. మూడేళ్లు ఆ మందే వాడాం. ఈఈజీ (మెదడు పరీక్ష) ఎప్పుడు తీసినా మామూలుగానే వచ్చేది, అయినా మందు ఆపమనలేదు. మొన్న ఏప్రిల్‌లో బస్సు అందుకోవాలని పరిగెత్తి మళ్లీ పడిపోయింది. ఈసారి చూసిన చిన్న వయసు డాక్టరమ్మ ముందు ఈసీజీ తీయించింది. అందులో క్యూటీసీ అనే కొలత 510 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అట. రక్తం జన్యు పరీక్షకి పంపితే కేసీఎన్‌క్యూ1 అనే జన్యువులో తప్పు ఉందని తేలింది. ఇప్పుడు రోజూ ప్రొప్రనొలాల్ వేసుకుంటోంది.

అసలు విషయం ఇది. మా బావ ఒక వీడియో చూశాడు. "ఒక్క ఇంజెక్షన్‌తో జన్యువే సరి" అని. రెండెకరాలు అమ్మేసి పిల్లని అమెరికా తీసుకెళ్దాం అంటున్నాడు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఇందులో నిజమెంతో తెలిసినవాళ్లు చెప్పండి.

---

చింతచెట్టు_కింద | జూన్ 12, రాత్రి 9:52

పొలం అమ్మనివ్వకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

---

గాజుగిన్నె | జూన్ 12, రాత్రి 11:15

నేను ల్యాబులో గుండె కణాలతో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. మందు ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నవి నన్ను అడగకండి. పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం చెప్పగలను.

గుండె ఒకసారి కొట్టాక, మళ్లీ కొట్టే ముందు ప్రతి కణమూ తిరిగి ఛార్జ్ అవ్వాలి. కొట్టడం మొదలై మళ్లీ ఛార్జ్ అయ్యేదాకా పట్టే సమయమే ఈసీజీలో క్యూటీ. అందుకు లోపలి పొటాషియం బయటికి పోవాలి. అది పోయే తలుపుల్లో ఒకదాన్ని తయారుచేసేది కేసీఎన్‌క్యూ1. పరిగెత్తినా, ఈత కొట్టినా, భయపడినా అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అప్పుడు ఈ తలుపు ఇంకా బారుగా తెరుచుకోవాలి. మీ పాపకి అది సరిగ్గా తెరుచుకోదు. అందుకే నీళ్లలోనూ, బస్సు వెనకా పడిపోయింది. ఈతకీ ఈ రకానికీ (ఎల్‌క్యూటీ1 అంటారు) ఉన్న సంబంధం బాగా తెలిసినదే. రెండో రకం వాళ్లకి హఠాత్తుగా మోగే అలారం, ఫోను ప్రమాదం. మూడో రకం వాళ్లకి ఎక్కువగా నిద్రలోనో విశ్రాంతిలోనో వస్తుంది.

ఇప్పుడు జన్యుచికిత్స. ఈ తలుపు ఒక్క ముక్క కాదు, నాలుగు ముక్కలు కలిస్తే ఒక తలుపు. నాలుగు కోళ్ల (కాళ్ల) మంచం అనుకోండి. అమ్మ నుంచి వచ్చిన జన్యువు ఒకటి, నాన్న నుంచి వచ్చింది ఒకటి. ఒకటి మంచి కోళ్లు చేస్తుంది, ఒకటి పుచ్చువి చేస్తుంది. రెండూ సమానంగా కలిసిపోతే నాలుగూ మంచివి పడే మంచాలు పదహారింటిలో ఒక్కటే. మిగతా పదిహేనింటిలో కనీసం ఒక్క పుచ్చు కోడైనా ఉంటుంది. తప్పులన్నీ ఇలాంటివి కావు. కొన్నిటిలో పుచ్చు కోడు అసలు తయారే కాదు, అప్పుడు మంచాలు సగానికి తగ్గుతాయి కానీ ఉన్నవి గట్టిగానే ఉంటాయి. అలాంటివాళ్లకి జబ్బు సాధారణంగా తేలిక.

కాబట్టి మంచి జన్యువుని ఊరికే లోపలికి పంపితే చాలదు, పుచ్చు కోళ్ల ఉత్పత్తి కూడా ఆపాలి. అమెరికాలో మాయో క్లినిక్‌లో మైకేల్ అకర్‌మన్ బృందం ఈ రెండూ ఒకేసారి చేసే పద్ధతిని 2021లో ప్రచురించింది. రోగుల కణాల నుంచి గిన్నెలో పెంచిన గుండె కణాల మీద పనిచేసింది. తర్వాత ఇదే జబ్బు పెట్టిన కుందేళ్ల మీద కూడా పనిచేసింది.

మీ బావగారు చూసిన వీడియో దీని గురించే అయి ఉంటుంది. గిన్నెలో నిజం, కుందేలులో నిజం. మీ పాపకి ఇవ్వడానికి మాత్రం ఈరోజు ఏ ఆసుపత్రిలోనూ అలాంటి ఇంజెక్షన్ లేదు. పొలం అమ్మి వెళ్లినా అక్కడ కొనడానికి ఏమీ ఉండదు.

---

గోదారిగట్టు | జూన్ 13, ఉదయం 6:20

పదహారు మంచాల సంగతి బావకి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు కానీ బ్రోకర్‌కి ఫోన్ చేసి రావద్దన్నాడు. చాలా థ్యాంక్సండీ.

---

చింతచెట్టు_కింద | జూన్ 13, ఉదయం 8:05

హమ్మయ్య.

గాజుగిన్నె గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. జన్యుచికిత్స "వచ్చేస్తోంది" అన్న మాట నా చదువుకునే రోజుల నుంచీ వింటున్నా. నాకిప్పుడు యాభై నాలుగు. ఎలుకలన్నీ బాగుపడ్డాయి, కుందేళ్లు బాగుపడ్డాయి. మనుషుల వంతు ఎప్పుడు?

---

గాజుగిన్నె | జూన్ 13, మధ్యాహ్నం 1:30

న్యాయమైన ప్రశ్న. మనుషుల దాకా వచ్చినది ఒకటుంది, కానీ అది లాంగ్ క్యూటీకి కాదు. పీకేపీ2 అనే జన్యువు పాడైతే గుండె కణాల మధ్య అతుకు వదులై, కండరంలో కొవ్వు చేరి, లయ తప్పుతుంది. దానికి అమెరికాలో రాకెట్, టెనాయా, లెక్సియో అనే మూడు కంపెనీలు రోగులకి మంచి జన్యువు ఎక్కించి చూస్తున్నాయి. ఇవి తొలి దశ ప్రయోగాలు, ముఖ్యంగా చూసేది మందు మనిషికి హాని చేయకుండా ఉందా అని.

ఆలస్యానికి కారణాలున్నాయి. జన్యువుని గుండెలోకి మోసుకెళ్లేది ఏఏవీ అనే వైరస్ పెంకు. అది చాలా చిన్న సంచి, 4,700 జన్యు అక్షరాల దాకానే పడతాయి. కేసీఎన్‌క్యూ1 సుమారు రెండు వేలు, సుఖంగా పడుతుంది. మూడో రకం లాంగ్ క్యూటీకీ, బ్రుగాడా అనే మరో లయ జబ్బుకీ కారణమయ్యే ఎస్‌సీఎన్5ఏ ఆరు వేలు, పట్టదు. సీపీవీటీ అనే ఇంకో జబ్బుకి కారణమయ్యే ఆర్‌వైఆర్2 పదిహేను వేలు. దానికి సంచి కాదు, లారీ కావాలి.

ఇంకోటి. చాలామంది ఒంట్లో ఈ వైరస్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే ఉంటాయి, వాళ్లకి మందు పనిచేయదు. లేనివాళ్లకి కూడా ఒకసారి ఎక్కించాక తయారవుతాయి కాబట్టి రెండోసారి ఇవ్వడం కుదరదు. వేరే జబ్బులకి ఎక్కువ మోతాదులో ఇచ్చిన ప్రయోగాల్లో పిల్లలు చనిపోయారు కూడా. రోజుకి రెండు మాత్రలతో క్షేమంగా ఉండగల పిల్లకి ఆ ప్రమాదం పెట్టాలా అన్నది మా ల్యాబులో కూడా తెగని వాదన.

---

జ్వరమొస్తే_పరుగు | జూన్ 13, సాయంత్రం 7:10

నాది బ్రుగాడా. పేరు పెడ్రో, జోసెప్ బ్రుగాడా అనే అన్నదమ్ములది, వాళ్లు 1992లో రాశారు. థాయిలాండ్, ఫిలిప్పీన్స్‌లో వయసు మగాళ్లు నిద్రలో పోవడం అంతకు ముందే తెలుసు. ఫిలిప్పీన్స్‌లో దాన్ని బంగుంగుట్ అంటారు.

నాకు జ్వరం నూటొకటి దాటితే ఈసీజీ మారిపోతుంది. అందుకే ఈ పేరు పెట్టుకున్నా. అందరూ జ్వరానికి పడుకుంటారు, నేను పారాసిటమాల్ వేసుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తుతాను. ఛాతీలో ఐసీడీ (లయ తప్పితే షాక్ కొట్టే పరికరం) ఉంది. ఒకసారి కొట్టింది, గుర్రం తన్నినట్టుంది.

నా గొడవ ఏంటంటే, ఈ జబ్బుకి పనికొచ్చే మాత్ర క్వినిడిన్ పాత మందు, చవక మందు. సరిగ్గా అందుకే చాలా దేశాల్లో దొరకడం మానేసింది, లాభం లేదని కంపెనీలు వదిలేశాయి. టెల్ అవీవ్ డాక్టర్ విస్కిన్ ఏళ్ల తరబడి దీని మీద రాస్తూనే ఉన్నాడు. కొత్త మందు కనిపెట్టడం సరే, ఉన్న మందు షాపులో ఉంచండయ్యా ముందు.

ఇంకో దారి, గుండె బయటి గోడ మీద చెడ్డ కణాలున్న చోటుని కాల్చడం. బ్యాంకాక్‌లో నాడెమనీ 2011లో చూపించాడు. నేనింకా ఆలోచిస్తున్నా.

---

సర్వౌషధి_కేంద్రం | జూన్ 13, రాత్రి 8:44

తెల్లమద్ది చెక్క కషాయం 48 రోజులు తాగితే ఎలాంటి

*[ఈ పోస్టు తొలగించబడింది. – మోడరేటర్. అమ్మకాలకి ఇది చోటు కాదు. గుండె మందు ఆపి కషాయం తాగమని చెప్పినవాళ్ల ఖాతా ఇంక తెరుచుకోదు.]*

---

మందులషాపు_ప్రసాద్ | జూన్ 13, రాత్రి 10:02

మోడరేటర్ గారికి దండం.

గోదారిగట్టు గారూ, ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. పరిశోధన నాకు తెలీదు గానీ రోజూ కౌంటర్ దగ్గర జరిగేది చెప్తా. పిల్లకి వాంతులు అంటే మేం ఇచ్చేది ఆన్డన్‌సెట్రాన్ లేదా డొంపెరిడోన్. గొంతు నొప్పికి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు. విరేచనాలకి ఆఫ్లాక్సాసిన్ కలిసిన మాత్ర. ఫంగస్‌కి ఫ్లూకొనజోల్. ఇవన్నీ క్యూటీని సాగదీసేవే! మాకు డిప్లొమాలో చెప్పారు, కౌంటర్ మీద ఎవరికీ గుర్తుండదు. పైగా వాంతులూ విరేచనాలూ అయితే పొటాషియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. అంటే మామూలు పిల్లకి కడుపు నొప్పి మందు, మీ పాపకి రెండు వైపులా దెబ్బ.

మీరు చేయాల్సింది, డాక్టర్ చేత "ఈ మందులు ఇవ్వకూడదు" అని రాయించి, లామినేషన్ చేయించి, ఒకటి స్కూలు బ్యాగులో, ఒకటి మీ ఇంటి దగ్గర షాపులో ఇవ్వండి. నేనైతే గోడకి అంటించుకుంటా.

---

గాజుగిన్నె | జూన్ 13, రాత్రి 10:30

ప్రసాద్ గారు చెప్పింది నా పదహారు మంచాల కన్నా విలువైనది. 2009లో ఎల్‌క్యూటీ1 ఉన్న 216 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. బీటా బ్లాకర్ (మీ పాప వేసుకునే ప్రొప్రనొలాల్ లాంటి మాత్ర) రాసిచ్చాక కూడా గుండె ఆగినవాళ్లూ, హఠాత్తుగా పోయినవాళ్లూ పన్నెండు మంది. అందులో పదకొండు మంది మాత్ర మానేసినవాళ్లో, క్యూటీ సాగదీసే మందు వాడినవాళ్లో, రెండూ చేసినవాళ్లో. మాత్ర ఓడిపోయింది ఒక్కరి విషయంలోనే అనుకోవచ్చు.

ఇంకో సంగతి. బీటా బ్లాకర్లన్నీ ఒకటి కాదు. లాంగ్ క్యూటీకి నాడొలాల్, ప్రొప్రనొలాల్ గట్టివి, మెటొప్రొలాల్ అంత కాయదు. బీపీకి ఇచ్చేదేగా అని ఎవరైనా మార్చబోతే ముందు మీ గుండె డాక్టర్‌ని అడగండి.

---

చింతచెట్టు_కింద | జూన్ 14, ఉదయం 7:15

అయితే కొత్త పరిశోధన అంతా వదిలేసి పాత మాత్ర వేసుకోమంటారు. నేనూ మొదటి నుంచీ అదే అంటున్నా.

---

గాజుగిన్నె | జూన్ 14, మధ్యాహ్నం 12:50

అది కాదండీ. కొత్త పరిశోధనలో సగం పాత మాత్ర గురించే.

ఫ్లెకనైడ్ కథ వినండి. గుండెపోటు వచ్చినవాళ్లకి లయ సరిచేయడానికి ఇచ్చేవారు. 1989లో క్యాస్ట్ అనే పెద్ద ప్రయోగంలో, ఆ మందు తీసుకున్నవాళ్లే ఎక్కువ మంది చనిపోతున్నారని తెలిసి మధ్యలో ఆపేశారు. దాని పేరు చెడిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2009లో, సీపీవీటీ ఉన్న ఎలుకల్లోనూ, ఇద్దరు రోగుల్లోనూ అదే మందు అద్భుతంగా పనిచేసింది. సీపీవీటీ అంటే ఆటల్లోనో ఏడుపులోనో పిల్లలు పడిపోయే జబ్బు, మామూలు ఈసీజీలో ఏమీ కనపడదు, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తేనే బయటపడుతుంది. 2017లో 14 మంది మీద పద్ధతి ప్రకారం ప్రయోగం చేసి నిరూపించారు. పద్నాలుగే! అరుదైన జబ్బుల్లో అంతకన్నా మందిని పోగేయడం కష్టం.

నాకు ఇంకా ఇష్టమైనది లుమాకాఫ్టర్. అది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మందు. సరిగ్గా మడతపడని ప్రొటీన్‌ని కణం ఉపరితలం దాకా చేర్చడం దాని పని. రెండో రకం లాంగ్ క్యూటీలో కొందరికి సమస్య సరిగ్గా ఇదే, తలుపు తయారవుతుంది కానీ గోడ దాకా రాదు. మిలాన్‌లో పీటర్ ష్వార్ట్స్ బృందం ముందు రోగుల కణాల నుంచి పెంచిన గుండె కణాల మీద వేసి చూసి, తర్వాత అదే రోగులకి ఇచ్చింది. 2019లో వచ్చింది, ఇద్దరే రోగులు. క్యూటీ తగ్గింది. మనిషికి ఇచ్చే ముందు అతని గుండెనే గిన్నెలో పెంచి అడిగారన్నమాట. నా పేరు అక్కడిదే.

అన్ని కథలూ ఇలా ముగియవు. ఎలెక్లజీన్ అని మూడో రకానికి కొత్త మందు ఒకటి పెద్ద ఆశలతో వచ్చి ప్రయోగంలో నిలవలేదు. పాత మెక్సిలెటీన్ మాత్రం ఆ రకానికి ఇప్పటికీ వాడుతున్నారు.

---

బడిగంట | జూన్ 14, సాయంత్రం 5:35

నేను వినికిడి లోపం ఉన్న పిల్లల బడిలో టీచర్‌ని. ఇది చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. కొన్నేళ్ల క్రితం మా దగ్గర ఒక బాబు, పుట్టు చెవుడు, అమ్మానాన్నలది మేనరికం. ఆటల్లో రెండుసార్లు పడిపోయాడు. ఎండకి అనుకున్నాం. మూడోసారి లేవలేదు. చెవుడుకీ గుండెకీ సంబంధం ఉంటుందా?

---

గాజుగిన్నె | జూన్ 14, రాత్రి 9:20

ఉంటుంది టీచర్ గారూ. ఆ బాబుకి అదే అని ఇప్పుడు ఎవరం చెప్పలేం. కానీ అలాంటి జబ్బు ఉంది.

1957లో నార్వేలో యెర్వెల్, లాంగె-నీల్సన్ అనే డాక్టర్లు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టు చెవిటివాళ్లు, నలుగురికీ క్యూటీ ఎక్కువ, ముగ్గురు చిన్నప్పుడే హఠాత్తుగా పోయారు. అమ్మానాన్నలిద్దరి నుంచీ కేసీఎన్‌క్యూ1 (లేదా దాని తోడు కేసీఎన్‌ఈ1) పాడైనదే వస్తే ఇలా అవుతుంది. ఇదే పొటాషియం తలుపు లోపలి చెవిలో కూడా కావాలి, అందుకని రెండూ కలిసి వస్తాయి. దానికి నూరేళ్ల ముందే, 1856లో, జర్మనీలో మైస్నర్ అనే ఆయన ఒక చెవిటి బడిపిల్ల గురించి రాశాడు. తప్పు చేసిందని అందరి ముందూ పిలిచేసరికి అక్కడికక్కడే కుప్పకూలి చనిపోయిందట.

మేనరికాల్లో ఒకే తప్పు రెండు వైపులా కలిసే అవకాశం ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో ఇది పుస్తకాల సంగతి కాదు.

---

మందులషాపు_ప్రసాద్ | జూన్ 14, రాత్రి 9:41

ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (చెవిలో వినికిడి పరికరం అమర్చడం) చేస్తారు కదా, ఆపరేషన్ ముందు ఈసీజీ తీస్తారు. దాంట్లో క్యూటీ కొలిచి రాయమని తల్లిదండ్రులు అడగాలి. ఇంప్లాంట్ దాకా వెళ్లని పిల్లలకి ఎవరు తీస్తారు? మా ఊళ్లో ఈసీజీ మూడొందలు.

---

బడిగంట | జూన్ 14, రాత్రి 10:10

మా బడిలో 84 మంది ఉన్నారు. రేపు హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడతాను.

---

కాజీపేట_జంక్షన్ | జూన్ 15, ఉదయం 11:00

మా బిడ్డ రిపోర్టులో "వీయూఎస్" అని రాసిండ్రు. అంటే మార్పు ఉన్నది కానీ జబ్బు చేస్తదో లేదో తెల్వదట. పైసలు కట్టి తెలియదు అని రాయించుకున్నట్టయింది. ఏం చేయాలె?

---

గాజుగిన్నె | జూన్ 15, మధ్యాహ్నం 2:25

అన్నా, మీ కోపం సరైనదే. ఆ "తెలియదు" మాత్రం నిజాయితీ అయిన జవాబు. ఒకప్పుడు లాంగ్ క్యూటీకి 17 జన్యువులు కారణమని రాసేవారు. 2020లో నిపుణులు కూర్చుని సాక్ష్యం మళ్లీ తూచితే, సగానికి పైగా జన్యువులకి సాక్ష్యం బలహీనమని తేలింది. మామూలు లాంగ్ క్యూటీకి గట్టిగా నిలిచినవి మూడే. బ్రుగాడాకి 21 అనుకున్నవి 2018లో ఒక్కటికి దిగాయి. వీయూఎస్ చూసి ఐసీడీ పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు.

మనకి ఇంకో చిక్కు. ఏ మార్పు మామూలుది, ఏది అరుదైనది అని పోల్చే డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలవాళ్లది. మన దగ్గర వెతికితే వేరే బొమ్మ కనిపిస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ తంగరాజ్, ఇంకా దండపాణి వాళ్లు 2009లో చూపించింది అదే. ఎంవైబీపీసీ3 అనే గుండె కండరం జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు భారతీయుల్లో సుమారు 4 శాతం మందిలో ఉంది, దక్షిణాసియా, ఆగ్నేయాసియా బయట దాదాపు లేదు. అది లయ జబ్బు కాదు, కండరం జబ్బు, కానీ పాఠం ఇక్కడా వర్తిస్తుంది. జీనోమ్ ఇండియా కింద పది వేల మంది జన్యుపటాలు చదివారు, అలాంటివి పెరిగేకొద్దీ మీ బిడ్డ రిపోర్టు మారొచ్చు. ఏడాదికోసారి మళ్లీ చూడమని ఆ ల్యాబుని అడగండి. అప్పటిదాకా చికిత్స ఈసీజీనీ, పిల్లకి వచ్చే లక్షణాలనీ బట్టే, కాగితాన్ని బట్టి కాదు.

---

గోదారిగట్టు | జూన్ 21, రాత్రి 8:30

వారం తర్వాత వస్తున్నాను. డాక్టరమ్మ ఇంట్లో అందరినీ పరీక్ష చేయించుకోమంది. మా అక్క ఈసీజీలో క్యూటీసీ 440, మామూలే. హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. కానీ జన్యు పరీక్షలో అక్కకే ఉంది! ఈసీజీ మామూలుగా ఉండి కూడా జన్యువు ఉండొచ్చట. నాకూ ఉంది. నా చిన్నోడికి లేదు, పెద్దమ్మాయి రిపోర్టు రావాలి. టెన్షన్‌గా ఉంది.

మా అమ్మ ఈ మాటలన్నీ వింటూ పప్పు రుబ్బడం ఆపేసింది. మా మావయ్య, అమ్మ తమ్ముడు, పందొమ్మిదేళ్లప్పుడు గోదాట్లో పోయాడు. గోదావరిని అడ్డంగా ఈదేవాడట. అంత ఈతగాడు మోకాటి లోతు దాటగానే ఎలా మునిగాడని ఊరంతా రకరకాలుగా అనుకున్నారు. నీళ్లలో ఏదో పట్టుకుందన్నారు. ముప్పై ఆరేళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఆ రేవుకి వెళ్లరు. అమ్మ అడిగింది, "వాడికీ ఇదేనా?" అని. నేనేం చెప్పను.

---

జ్వరమొస్తే_పరుగు | జూన్ 21, రాత్రి 9:05

అక్కా, అయి ఉండొచ్చు అని చెప్పండి. మా ఇంట్లోనూ ఒక పెదనాన్న ఉన్నాడు, "నిద్రలో పోయాడు, అదృష్టవంతుడు" అనేవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లకి.

---

చింతచెట్టు_కింద | జూన్ 21, రాత్రి 9:30

గోదారిగట్టు గారూ, మీరు కూడా మాత్ర మొదలుపెట్టారా? మీ గురించి ఒక్క ముక్క రాయలేదు.

---

గోదారిగట్టు | జూన్ 22, ఉదయం 6:45

మొదలుపెట్టానండీ. పొద్దునొకటి, రాత్రొకటి. అక్కా నేనూ ఫోన్‌లో "వేసుకున్నావా" అని అడుక్కుంటున్నాం. ప్రసాద్ గారు చెప్పిన కాగితం లామినేషన్ చేయించాం, ఐదు కాపీలు.

పాపకి ఇంజెక్షన్ సంగతీ, కుందేళ్ల సంగతీ అక్కర్లేదు. ఆగస్టు పదిహేనుకి స్కూల్లో కోలాటం ఉంది, అందులో ఉండొచ్చా లేదా, అంతే. డాక్టరమ్మని అడిగితే ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూసి, మాత్ర మానకపోతే, పక్కన జబ్బు సంగతి తెలిసిన టీచర్ ఉంటే ఆడొచ్చు అంది. ఒకప్పుడైతే అన్నీ బంద్ అనేవాళ్లట, ఇప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడి నిర్ణయిస్తున్నారట. ఈత మాత్రం వద్దంది.

కోలాటం కర్రలు నిన్నే కొన్నాం.

---

బడిగంట | జూన్ 22, సాయంత్రం 6:15

84లో 61 మందికి ఈసీజీ అయింది. ఒక పాపది పెద్దాసుపత్రికి పంపాం. మిగతావాళ్లకి సోమవారం.